బర్రె నోటికాడ కాపలా

పశువైద్యుడిగా నా ఉద్యోగంలో ఎక్కువ కాలం హైదరాబాద్‌లో ఉప్పల్, నాచారం, రామంతాపూర్, పీర్జాదిగూడ కొట్టాల్లోనే గడిచింది. రిటైరైనా పాలవాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు. వాళ్ల కొడుకుల్లో కొందరు ఉద్యోగాలు వదిలి పది బర్రెలతో డెయిరీ పెడుతున్నారు. అందుకు నాకు సంతోషమే. పల్లె బర్రెకు, పట్నం బర్రెకు జబ్బులు ఒకటే గానీ అవి వచ్చే దారి వేరు. పట్నంలో జబ్బు చాలావరకు నోటి గుండా లోపలికి పోతుంది. నేను నేర్చుకున్నదంతా ఆ నోటికాడ కాపలా కాయడం గురించే.

1. పొద్దున కొట్టంలోకి పోగానే అందరూ పొదుగు వైపు చూస్తారు. ముందు దవడ చూడండి. ఆరోగ్యంగా ఉన్న బర్రె రోజు మొత్తంలో ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. పడుకుని, కళ్లు సగం మూసి, తీరుబడిగా నమిలే బర్రెకు ఆ పూట డాక్టరు అక్కర్లేదు. నెమరు ఆగిందంటే మాత్రం పాలు తగ్గేదాకా ఆగకండి. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి రెండు నిమిషాలు నిలబడండి. లోపల కడుపు మూడు సార్లు దాకా కదలాలి. ఒక్కసారీ కదలకపోతే, లేదా డొక్క పిండిముద్దలా మెత్తగా ఉంటే వెంటనే ఫోన్ చేయండి. మూతి తడిగా ఉందా, పెండ ఎలా పడింది, చెవులు చల్లబడ్డాయా అన్నవి కూడా చూసి చెబితే డాక్టరు పని సగం అయినట్టే. పశువు నొప్పిని దాచుకుంటుంది. మందలో బలహీనంగా కనిపించినదాన్నే పులి పట్టుకునే కాలం నుంచి వచ్చిన అలవాటు అది. గొర్రె ఇంకా ఎక్కువ దాస్తుంది. అది పడిపోయిన రోజే జబ్బు మొదలైందనుకుంటారు గానీ, అప్పటికే రెండు మూడు రోజులైపోయి ఉంటాయి.

2. పెళ్లి అన్నం పెట్టకండి.

ముహూర్తాలున్న వారం నాకు నిద్ర ఉండేది కాదు. ఫంక్షన్ హాలులో మిగిలిన అన్నం, పూరీలు, జిలేబీలు ఎవరో ప్రేమగా ఆటోలో తెచ్చి కొట్టం ముందు దింపుతారు. పారేసే బదులు మూగజీవం తింటుంది కదా అనే పుణ్యం ఆలోచన. బర్రె ఆబగా తింటుంది. వంద లీటర్లకు పైగా పట్టే దాని పెద్దకడుపులో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు కోట్ల కొద్దీ ఉంటాయి. వాటి మీద ఒక్కసారిగా ఇంత పిండిపదార్థం పడితే లాక్టిక్ ఆమ్లం ఊరుతుంది. గడ్డిని అరిగించే జీవులు అందులో చచ్చిపోతాయి. ఆ పులుపు రక్తంలోని నీటిని కడుపులోకి లాగేస్తుంది. అందుకే డొక్క నీళ్ల సంచిలా ఊగుతుంటే కళ్లేమో లోపలికి పీక్కుపోతాయి. పొద్దున తూలుతూ నడిచిన బర్రె మర్నాటికి లేవకపోవచ్చు. తిన్నదని తెలియగానే తినేసోడా నీళ్లలో కలిపి, తల మరీ ఎత్తకుండా, మెల్లగా పట్టండి. మింగలేనంత నీరసంగా ఉంటే పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టరు వచ్చేదాకా కుడితి, దాణా ఆపి ఎండుగడ్డి ఒక్కటే వేయండి. దాణా మార్చాల్సి వచ్చినా పాతది కొంచెం తగ్గిస్తూ, కొత్తది కొంచెం పెంచుతూ రెండు వారాలు తీసుకోండి. అన్నం తెచ్చినవాళ్లకు చేతులు జోడించి వద్దని చెప్పండి. చాలామంది అర్థం చేసుకుంటారు.

3. మూసీ గడ్డి సంగతి ఎక్కువ చెప్పాలి.

మెట్రో డిపో, భగాయత్ లేఅవుట్ రాకముందు ఉప్పల్ నుంచి పీర్జాదిగూడ, పర్వతాపూర్ వైపు మూసీ పొడవునా పారాగడ్డి మడులే. నగరం వదిలిన నీళ్లతో ఏడాదంతా పచ్చగా పెరిగేది. హైదరాబాద్ తాగిన బర్రె పాలలో ఆ గడ్డి వాటా చిన్నది కాదు. తెల్లవారకముందే కోసి, మోపులు కట్టి, సైకిళ్ల మీదా ట్రాలీల్లోనూ మోసిన ఆడవాళ్లూ మగవాళ్లూ నాకు తెలుసు. చర్మం దురదలు, కాళ్ల పుండ్లు ముందుగా వచ్చింది వాళ్లకే. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ శాస్త్రవేత్తలు 2000 తర్వాత ఈ మూసీ సాగు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే ప్లాంటు వచ్చింది, తర్వాత మరికొన్ని వచ్చాయి. అయినా ఆ గడ్డిని కళ్లు మూసుకుని వేయవచ్చని నేను చెప్పను.

నాకు ఎక్కువ భయం కార్జపు జలగతో. బర్రె పెండలో దాని గుడ్లు బయటికి వస్తాయి, నీటిలో పొదిగి నత్తలోకి చేరతాయి. నత్తలో పెరిగిన పిల్లలు బయటికొచ్చి, నీటి మట్టం దగ్గర గడ్డి కాడలకు అంటుకుని కూర్చుంటాయి. బర్రె ఆ గడ్డి తింటే పేగు నుంచి కార్జంలోకి దూరతాయి. పశువు మెల్లమెల్లగా చిక్కిపోతుంది, పాలు తగ్గుతాయి, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. దక్షిణ అమెరికాలో బొలీవియా ఎత్తు మైదానాల మీద లామాలనూ గొర్రెలనూ పీడించేది కూడా ఈ కుటుంబపు జలగే. అక్కడా నత్తే, తడి గడ్డే దారి. అక్కడి కాపరికీ మన పాలవాడికీ ఒకే జాగ్రత్త వర్తిస్తుంది.

గడ్డి మొదలంటా కోయకండి, నీటికి పైన ఉన్న భాగమే కోయండి. కోసిన గడ్డిని ఎండలో బాగా వాడబెట్టి వేయండి. సగం మేత చొప్ప, వరిగడ్డి ఉండేలా చూడండి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పెండ పరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన జలగ మందే పట్టండి. దుకాణంలో దొరికే ప్రతి నట్టల మందూ జలగను చంపదు. గడ్డి కొనేముందు అది ఏ కాలువ నీళ్లతో పెరిగిందో అడగండి. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చోట గడ్డి ఊరికే ఇచ్చినా వద్దు. సీసం లాంటి లోహాలను వాడబెట్టడం తీసేయలేదు, మందూ కడగలేదు.

4. నాచారం పారిశ్రామికవాడ పక్క సందుల్లో తీగ ముక్క, మేకు, వెల్డింగ్ కడ్డీ తునక ఊడ్చిన చెత్తలో ఉంటాయి. ఆ చెత్త కుప్ప మీదే పశువులు. బర్రె మేతను నమలకుండా మింగి, తర్వాత నెమరు వేసే జంతువు. నాలుకతో చుట్టి లోపలికి లాగేటప్పుడు ఇనుమేదో ఆకేదో చూసుకోదు. మేకు రెండో కడుపులో దిగుతుంది. ఆ కడుపుకూ గుండెకూ మధ్య పలుచని పొర తప్ప ఏమీ లేదు. మోచేతులు బయటికి పెట్టి నిలబడటం, పల్లంలోకి నడవడానికి జంకడం, లేచేటప్పుడు మూలగడం మొదటి గుర్తులు. గంగడోలు దగ్గర నీరు దిగిందంటే మేకు గుండె దాకా పోయినట్టే, అప్పుడు చేయగలిగింది చాలా తక్కువ. ముందే తెలిస్తే కడుపు కోసి తీయవచ్చు, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో ఈ ఆపరేషన్లు చేస్తారు. కడుపులో ప్లాస్టిక్ కవర్లు ఉండ కట్టినా అదే దారి. పెద్ద డెయిరీలు కడుపులోకి అయస్కాంతం మింగిస్తాయి, మంచి పని. బర్రెను రోడ్డు మీదికి వదలకపోవడం అంతకన్నా మంచి పని.

5. టీకా తేదీలు గోడ మీద రాసి పెట్టుకోండి. గాలికుంటుకు ఆరు నెలలకోసారి. గొంతువాపుకు వానలకు ముందు. ఆడదూడకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రూసెల్లా టీకా, జన్మకు ఒకసారి. మా ముందు తరం డాక్టర్లు ఊరూరా తిరిగి టీకాలు వేసినందుకే పశువుల పెద్దరోగం భూమ్మీద లేకుండా పోయింది. 2011లో ప్రపంచం ఆ మాట ప్రకటించిన రోజు నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

6. బోనాలకూ బక్రీదుకూ ఉప్పల్ రోడ్ల పక్కన గొర్రెలు, మేకలు లారీల్లో దిగుతాయి. ప్రయాణం చేసిన జీవానికి మొదటి రోజు నీళ్లు, ఎండుమేత, నీడ. అంతే. పెంచుకునేవాళ్లు కొత్త జీవాన్ని మూడు వారాలు విడిగా కట్టేయండి, పీపీఆర్ రోగం మందలోకి వచ్చేది కొత్త జీవంతోనే. తొలకరి లేతగడ్డి మీద ఆకలితో వదిలిన గొర్రెపిల్ల సాయంత్రానికి చిటుకు రోగంతో పోవచ్చు. శాంతినగర్‌లోని ప్రభుత్వ సంస్థలో దీనికి టీకా తయారవుతుంది. మే నెల దాటకుండా వేయించండి.

7. బర్రె నోటి తర్వాత మనిషి నోరు. యాంటీబయాటిక్ వేసిన బర్రె పాలు, డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా డబ్బాలో కలపకండి. కలిపినట్టు ఎవరికీ కనిపించదు, కానీ అవి తాగేది నాచారంలోనో హబ్సిగూడలోనో ఒక పసిబిడ్డ. ఈసుకుపోయిన బర్రె మాయను ఉత్త చేతులతో పట్టకండి, బ్రూసెల్లా ఉంటే నెలల తరబడి వచ్చిపోయే జ్వరం మీకు అంటుకుంటుంది. పొదుగు దగ్గర నురగ పాలు పచ్చిగా తాగే అలవాటు మానండి. నొప్పికి డైక్లోఫెనాక్ అడగకండి. పశువులకు వాడే ఆ మందును మన దేశం 2006లో నిషేధించింది, ఆ మందు పడిన కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై గుంపులు గుంపులుగా చచ్చాయి. మెలాక్సికామ్ ఉంది, అది చాలు. బర్రె చనిపోతే మూసీ ఒడ్డున వదలకండి. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. చోటు లేకపోతే మున్సిపాలిటీ వాళ్లకు చెప్పండి, బండి వచ్చేదాకా కుక్కలు ముట్టకుండా మనిషిని కాపలా పెట్టండి.