తాబేలు పుట్టిల్లు ఎక్కడో తేల్చే పని

ఏటా జనవరి నుంచి మార్చి దాకా మన కోస్తా ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అదే రోజుల్లో చచ్చినవీ కొట్టుకొస్తాయి. చాలావాటి చావుకి కారణం ట్రాలర్ వలలు. తాబేలుకి ఊపిరితిత్తులే ఆధారం, మధ్యమధ్య పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. వలలో ఇరుక్కుంటే ఆ వీలుండదు. ఆ కళేబరాన్ని ఇసుకలో పూడ్చేముందు చిన్న చర్మపు ముక్క తీసి దాచితే, ఆ తాబేలు ఏ తీరానికి చెందిందో డీఎన్ఏ ద్వారా తెలుసుకోవచ్చు. ఆ పని ఎలా జరుగుతుందో మొదటి నుంచీ చూద్దాం.

అన్నిటికన్నా ముందు కావలసింది అనుమతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి ఇది. చచ్చినదైనా సరే, అనుమతి లేకుండా దాని నుంచి ముక్క తీయకూడదు.

చేతులకి తొడుగులు వేసుకుని, తాబేలు తాబేలుకీ కొత్త బ్లేడు వాడతారు. తెడ్డులాంటి కాలి అంచు నుంచి నాలుగైదు మిల్లీమీటర్ల చర్మం చాలు. ఎండకి ఉబ్బి కుళ్లిపోయి ఉంటే లోపలి కండ తీసుకోవడం మేలు. ముక్కని గాఢమైన ఇథనాల్‌లో వేస్తారు. ఫార్మలిన్ వాడకూడదు, అది డీఎన్ఏని పాడుచేస్తుంది. సీసా మీద దొరికిన చోటు, తేదీ, చిప్ప కొలత పెన్సిల్‌తో రాయాలి. పెన్ను రాత ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది. ఈ పని మొత్తంలో నేను అన్నిటికన్నా విలువైనదనుకునేది ఈ చీటీయే. ఊరూ తేదీ లేని ముక్కతో ఎంత గొప్ప ల్యాబ్ అయినా చేయగలిగింది చాలా తక్కువ.

పోల్చి చూడటానికి గుడ్ల గుంటల నుంచీ నమూనాలు కావాలి. ఏ తీరంలో పుట్టినవాటికి ఏ గుర్తులుంటాయో ముందు తెలిస్తేనే, వలలో చచ్చినదాన్ని వాటితో పోల్చగలం. గుడ్లు పెట్టిన 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొచ్చి సముద్రంలోకి వెళ్లిపోతాయి. ఆ తర్వాత గుంట తవ్వి, అందులోనే చనిపోయిన పిల్లల నుంచి కొద్దిగా తీసుకుంటారు. బతికున్న పిల్లల జోలికి పోనక్కర్లేదు. ఒకే తల్లి ఒక సీజన్లో ఒకసారికి మించి గుడ్లు పెట్టవచ్చు కాబట్టి, ఒక్క తల్లినే ఇద్దరుగా లెక్కపెట్టకుండా జాగ్రత్తపడాలి.

ల్యాబ్‌లో ముక్కని ప్రొటీనేజ్-కె అనే ఎంజైముతో కలిపి, సుమారు 55 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతారు. మాంసకృత్తులు కరిగిపోయాక డీఎన్ఏని వేరుచేసి శుభ్రం చేస్తారు. తర్వాత పీసీఆర్, అంటే డీఎన్ఏలో కావలసిన భాగానికి ప్రతులు తీసే పద్ధతి. 95 డిగ్రీల దగ్గర డీఎన్ఏ రెండు పోగులుగా విడిపోతుంది, 50కి పైన ప్రైమర్లు అనే చిన్న డీఎన్ఏ ముక్కలు అతుక్కుంటాయి, 72 దగ్గర కొత్త పోగు అల్లుకుంటుంది. ఇలా ముప్పై పైచిలుకు సార్లు తిప్పితే కావలసిన భాగానికి కోట్ల ప్రతులు తయారవుతాయి. పక్కనే డీఎన్ఏ వేయని ఒక గొట్టం కూడా పెడతారు. అందులో ప్రతులు కనబడితే ఎక్కడో మలినం కలిసిందన్నమాట, ఆ విడత ఫలితాలు పక్కన పెట్టాల్సిందే.

ఇక్కడ చదివేది మైటోకాండ్రియా డీఎన్ఏ. అది తల్లి నుంచే పిల్లలకి వస్తుంది. కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టు, ఆడ తాబేలు తాను పుట్టిన తీర ప్రాంతానికే వచ్చి గుడ్లు పెడుతుంది. తరతరాలుగా ఇలా జరగడం వల్ల ఒక్కో ప్రాంతపు తల్లులకి ఒక్కో రకం గుర్తులు ఏర్పడతాయి. సుమారు 800 అక్షరాల పొడవున్న ఒక భాగాన్ని రెండు వైపుల నుంచీ చదివి, తేడాలు గుర్తించి, ఇప్పటికే నమోదైన రకాలతో పోలుస్తారు.

మన తాబేళ్ల మీద ఈ పనిలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్నారు. 2004లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం భారత తూర్పు తీరపు రిడ్లేలన్నీ ఒకే సమూహం. పక్కనే ఉన్న శ్రీలంక తాబేళ్లు వేరు. మనవాటిలో దాదాపు 96 శాతం మరెక్కడా కనబడని రకానికి చెందినవి. ప్రపంచంలోని మిగతా రిడ్లేలకి మూలం హిందూ మహాసముద్రపు తాబేళ్లే కావచ్చని కూడా ఆ పరిశోధన సూచించింది.

ఇదే పద్ధతి హాక్స్‌బిల్ తాబేళ్లకీ పనికొస్తుంది. వాటి చిప్పతో చేసిన గాజులు, దువ్వెనల నుంచి కూడా డీఎన్ఏ తీయగలుగుతున్నారు. దాన్ని గుడ్లు పెట్టే తీరాల నమూనాలతో పోల్చి, వేట ఏ ప్రాంతంలో జరుగుతోందో వెతుకుతున్నారు.

రిడ్లేల విషయంలో ఫలితం చెప్పేది స్పష్టంగానే ఉంది. ఒడిశాలో రిడ్లేలు గుంపులుగా గుడ్లు పెట్టే గహీర్మాథా, రుషికుల్య తీరాలని కాపాడితే సరిపోదు. మన వలల్లో చచ్చేదీ ఆ సమూహంలోదే. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. తాబేళ్లు ఎక్కువగా గుడ్లు పెట్టే నెలలు అప్పటికే గడిచిపోతాయి. కాబట్టి జనవరి నుంచే ట్రాలర్ వలల్లో తాబేలు తప్పించుకునే టెడ్ పరికరం నిజంగా బిగించి ఉందో లేదో చూడాలి. ఒడ్డున చచ్చిన తాబేలు కనబడితే మీరు ముట్టుకోకండి. ఫొటో తీసి, చోటూ తేదీ రాసుకుని, పూడ్చకముందే అటవీశాఖ వారికి కబురు చేయండి.