చిగుళ్ల నెత్తురు, వేళ్ల వాపు

వజూ చేస్తూ పుక్కిలించి ఉమ్మిన నీళ్లలో ఎర్రటి చార కనిపిస్తే మనలో చాలామంది పట్టించుకోం. బ్రష్ గట్టిగా తగిలి ఉంటుందిలే అనుకుంటాం. తరచూ అలాగే కనిపిస్తుంటే అది చిగుళ్ల జబ్బు లక్షణం కావచ్చు. ఆ జబ్బుకూ కీళ్లవాతానికీ ఉన్న సంబంధాన్ని ఈసారి మన దాతల ముందు ఉంచుతున్నాం.

కీళ్లవాతమంటే ఇక్కడ వయసు మీద పడ్డాక మోకాళ్లు అరిగి వచ్చే నొప్పి కాదు. వైద్యులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనేది. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తి సొంత కీళ్ల మీదే తిరగబడుతుంది. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి పిడికిలి పట్టదు. మగవారికంటే ఆడవారిలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. రొట్టెల పిండి కలపలేక, తడిబట్ట పిండలేక అవస్థపడుతూ కూడా మన ఇళ్లలో అమ్మలు, ఖాలాలు నోరు విప్పి చెప్పరు.

పంటికీ చిగురుకూ మధ్య సందులో పాచి, గార పేరుకుంటే అక్కడ పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. దాని దగ్గరున్న ఒక ఎంజైమ్ ప్రొటీన్లలోని ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మార్చేస్తుంది. రూపు మారిన ప్రొటీన్‌ను కొందరి శరీరం పరాయిదిగా ఎంచి దాని మీదకు యాంటీబాడీలను పంపుతుంది. కీళ్లవాతం నిర్ధారణకు చేయించే యాంటీ సీసీపీ రక్తపరీక్ష వెతికేది ఈ రకం యాంటీబాడీలనే. కొందరిలో ఇవి కీళ్లు నొప్పి పెట్టడానికి ఏళ్ల ముందే కనిపిస్తాయి. అంటే జబ్బు పుట్టిన చోటు కీలు కాకపోవచ్చు. మరో చిగుళ్ల బాక్టీరియా వదిలే విషం మన తెల్లరక్తకణాల్లోనే ఇలాంటి మార్పు తెస్తుందని 2016లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూపారు. ఇక బీడీ, సిగరెట్ తాగేవారికి రెండు జబ్బుల ముప్పూ ఎక్కువే.

అలాగని పళ్లు పీకించుకుంటే కీళ్లు బాగవుతాయా? గత శతాబ్దం మొదట్లో అమెరికా, ఇంగ్లండ్ వైద్యులు ఆ పనే చేశారు. 1938లో సెసిల్, ఆంజివైన్ అనే అమెరికా వైద్యులు 200 మంది రోగుల వివరాలు పరిశీలించి, దానివల్ల మేలు లేదని తేల్చారు. పళ్లూ పోయాయి, నొప్పీ పోలేదు. ఇప్పటి వైద్యం పీకడం కాదు, గార తీసి చిగుళ్లను శుభ్రం చేయడం. అలా చేశాక కీళ్ల వాపు కొంత తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది, మరికొన్నిటిలో తేడా కనబడలేదు. కాబట్టి మెథోట్రెక్సేట్ లాంటి మందులు మానేసి పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లమని మేము చెప్పడం లేదు. మందులు వాడుతూనే చిగుళ్లూ చూపించుకోవాలంటున్నాం.

గార తీయిస్తే పళ్లు కదులుతాయన్న భయం మనవాళ్లలో గట్టిగా ఉంది. నిజానికి పన్నును వదులు చేసేది చిగుళ్ల జబ్బే. గట్టిపడిన గారను మిస్వాక్ గానీ బ్రష్ గానీ వదిలించలేదు, డాక్టరే తీయాలి. ఆ తరువాత రోజువారీ శుభ్రతకు రెండూ పనికొస్తాయి. వేళ్లు వంగని రోగికి సన్నటి బ్రష్ పట్టు చిక్కదు. పిడికి మెత్తటి గుడ్డ చుట్టి లావుగా చేసి ఇవ్వండి. పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వాడుతున్న కీళ్ల మందుల చీటీ కూడా వెంట తీసుకెళ్లండి.