ఇంట దైవం – ఇంట జలం

ఇల్లు అంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. దైవానికి ఒక చోటు, నీటికి ఒక దారి ఏర్పరచిన తరువాతనే మన పూర్వులు ఇంటిని నివాసయోగ్యంగా భావించారు.

తెలంగాణలోని భవంతి ఇండ్లు, కోస్తా ప్రాంతంలోని మండువా లోగిళ్లు ఇందుకు నిదర్శనాలు. ఈ ఇండ్లలో నడిమి భాగానికి కప్పు ఉండదు. చుట్టూ ఉన్న పెంకుల వాలు మీదుగా వాననీరు నడిమి గచ్చుపై పడి, తూము గుండా వెలుపలికి పోతుంది. గాలి, వెలుతురు ఆ మార్గాననే లోనికి వస్తాయి. గోడలో దేవుని గూడు, పెరటిలో చేదబావి, ముంగిట తులసికోట ఉంటాయి. కోటకు ఎర్రమట్టి పూసి, ముగ్గులతో అలంకరించి, ఉదయం నీరు పోసి, సంధ్యవేళ దీపం పెట్టడం గృహిణుల నిత్యకృత్యం.

ఇటువంటి ఏర్పాటు ప్రాచీన రోమన్ల ఇండ్లలోనూ కనిపిస్తుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన పాంపే నగరం దీనికి సాక్షి. అక్కడి సంపన్నుల ముందుశాలకు నడుమ కప్పు తెరచి ఉండేది. వాననీరు దిగువనున్న తొట్టిలో పడి, భూగర్భపు నీటితొట్టికి చేరేది. వెట్టీల గృహంలో గుడి ఆకారంలో తీర్చిన గోడగూటిలో ఇద్దరు గృహదేవతలు, వారి నడుమ యజమాని రక్షకశక్తి, దిగువన ఒక సర్పం చిత్రించబడి ఉన్నాయి. ఆ సర్పాన్ని చూచిన తెలుగువారికి నాగులచవితి స్ఫురించక మానదు. ఆ ఇంటి తోటలోని విగ్రహాల నుండి సీసపు గొట్టాల ద్వారా నీరు చిమ్మేది.

సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లోని శాతవాహన కాలపు స్థావరంలో రోమన్ నాణేలు లభించాయి. అంతమాత్రాన ఈ గృహరీతి అక్కడి నుండి వచ్చిందనరాదు. ఎండవానలతో కలిసి బ్రతుకవలసిన మానవుడు వేరువేరు దేశాలలో ఒకే విధంగా ఆలోచించాడు. భేదమూ ఉన్నది. రోమన్ల నీటిచిమ్ములు ఐశ్వర్యానికి చిహ్నాలు. మన తులసికి పగిలిన కుండ అయినా చాలును.

నేడు మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలలో బహుళ అంతస్తుల భవనాలు వెలిశాయి. తులసి బాల్కనీలోని కుండీకి, దేవుడు చెక్కమందిరానికి చేరారు. వానకు మాత్రం ఇంట చోటు లేకపోయింది. గచ్చుపై పడిన నీరు మురుగుకాలువలో కలుస్తుండగా, బోరుబావులు ఎండిపోతున్నాయి. అందుకే వాననీటి సంరక్షణను 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం బాధ్యతగా నిర్దేశించింది. ఇంకుడుగుంత త్రవ్వడమంటే వానను మళ్లీ ఇంటికి ఆహ్వానించడమే. తులసికి చెంబెడు నీరు పోసే చేయి, ఆ నీరు ఎక్కడి నుండి వస్తున్నదో కూడా ఆలోచించాలి.

ప్రశ్నలు
1. భవంతి ఇంటికీ రోమన్ల ఇంటికీ గల పోలికలను, భేదాలను వివరించండి.
2. మీ ఇంటి కప్పుపై పడిన వాననీరు ఎక్కడికి పోతున్నదో పరిశీలించి రాయండి.