క్రొవ్వు తీయు పద్ధతులు: పాతవి, క్రొత్తవి

కోత లేకయే నడుము సన్నబరచెదమను ప్రకటనలు విశాఖపట్నమునుండి మన రాయగడ వఱకు వచ్చుచున్నవి. అవి నిజమేనాయని మా విద్యార్థినులు కొందఱు అడుగుచున్నారు. ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు గనుక ఇచట కొంత వివరించుచున్నాము.

ఈ కోరిక క్రొత్తది కాదు. 1920వ దశకమున ఫ్రాన్సులో డుజారియే యను శస్త్రవైద్యుడు ఒక నర్తకి కాలిపిక్కలను సన్నము చేయబోగా, ఆ కాలు కుళ్ళి తీసివేయవలసి వచ్చినది. 1970వ దశకమున ఇటలీలో ఫిషర్ తండ్రీకొడుకులు, ప్యారిస్‌లో ఇలూజ్, చర్మము క్రిందికి గొట్టమును దూర్చి క్రొవ్వును పీల్చు పద్ధతిని రూపొందించిరి. లైపోసక్షన్ అనునది ఇదియే. మొదట రక్తము మిక్కుటముగా పోయెడిది. 1985లో అమెరికా వైద్యుడు జెఫ్రీ క్లైన్ ఉప్పునీటిలో మత్తుమందును, రక్తనాళములను ముడుచు మందును పలుచగా కలిపి ముందుగా ఎక్కించుటతో ఆ నష్టము చాలవఱకు తగ్గినది. తరువాత వచ్చిన లేజరు, అతిధ్వని పరికరములు క్రొవ్వును ముందే కరగించునవియే గాని, వానికిని గొట్టము తప్పదు.

నిజముగా క్రొత్తదనదగినది శీతల పద్ధతి. పుల్లఐసు చీకిన పసిపిల్లల బుగ్గలలో సొట్టలు పడుట వైద్యులు వెనుకనే గమనించియుండిరి. చలికి చర్మము చెడలేదు, లోని క్రొవ్వు మాత్రము తగ్గినది. ఇందలి మర్మము కొరాపుట్ పిల్లలకు సులభముగా బోధపడును. పుష్యమాసపు చలిలో గిన్నెలోని నేయి గడ్డకట్టును, ప్రక్కనున్న చెంబులో నీరు నీరుగానే యుండును. అట్లే మితమైన చలికి క్రొవ్వు కణములు మాత్రమే దెబ్బతిని చచ్చును, రెండు మూడు నెలలలో శరీరమే వానిని తొలగించును. బోస్టన్‌లో మాన్‌స్టీన్, ఆండర్సన్ అను వైద్యులు దీనిని రూపొందించిరి. 2010లో అమెరికా ప్రభుత్వము నడుము ప్రక్కల క్రొవ్వునకు దీనిని అనుమతించినది.

కోత లేదు, మత్తు లేదు, నిజమే. అయితే ఒక పర్యాయమునకు తగ్గునది ఆ చోటి పొరలో సుమారు అయిదవ వంతు మాత్రమే. కొందఱిలో క్రొవ్వు తగ్గుటకు మాఱు గట్టిపడి పెరుగునని 2014లో వైద్యపత్రికలలో వెల్లడియైనది. తనకట్లే జరిగినదని లిండా ఇవాంజెలిస్టా యను ప్రఖ్యాత మోడల్ 2021లో ప్రకటించినది. వింత యేమనగా, అట్లు పెరిగినదానిని తీయుటకు మరల ఆ పాత గొట్టమే కావలెను!

పాత పద్ధతి ఒక్క దినములో ఎక్కువ క్రొవ్వు తీయును. కాని రక్తపు గడ్డలు, చీము, క్రొవ్వు రక్తములో కలిసి ఊపిరితిత్తులకు చేరుట మున్నగు ప్రమాదములు దానికి కలవు. ‘నువ్వు నాకు నచ్చావ్’ చిత్రకథానాయిక ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31 ఏండ్లకే మరణించినది. కొన్ని వారములముందు ఆమె లైపోసక్షన్ చేయించుకొనెననియు, తీవ్రమైన శ్వాసబాధ పడుచుండెననియు ఆమె మేనేజరు తెలిపెను. ఆ చికిత్సయే కారణమని మేము తీర్పు చెప్పము. ఊపిరితిత్తుల బాధ గలవారు మాత్రము దీనికి తొందరపడరాదు.

ఆరోగ్యము మాటకు వచ్చిన రెండును ఒకటియే. 2004లో అమెరికాలో కొందఱు స్త్రీలకు పొట్టనుండి సుమారు 10 కిలోల క్రొవ్వు తీసి పరీక్షింపగా, మధుమేహమునకు, గుండెజబ్బునకు దారితీయు లక్షణములు తగ్గలేదు. ప్రేగుల చుట్టునుండు హానికరమైన క్రొవ్వును గొట్టమును అందదు, చలియు అందదు. దానిని తగ్గించునవి నడక, పని, మితాహారము. చోడి అంబలి త్రాగి సంతకు కొండ దిగి యెక్కువారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఇక ఎదుగుచున్న బాలికలకు ఈ రెండు పద్ధతులును అనవసరమని మా అభిప్రాయము. మన ప్రాంతమున వారికి ముందు చూడవలసినది రక్తహీనత.

పెద్దవారెవరైన చేయించుకొనదలచిన, పరికరము పేరుకంటె ముందు వైద్యుని అర్హతను విచారింపవలెను. రక్తపు గడ్డ, చీము తరచు కొన్ని దినముల పిమ్మటగాని బయటపడవు. చికిత్స చేసినవారు విశాఖపట్నమందుందురు, జ్వరము మాత్రము కొండలు దాటి ఇల్లు చేరిన తరువాత రాయగడలో వచ్చును. ఆ రాత్రి ఎవరికి ఫోను చేయవలెనో, ఇచట ఏ ఆసుపత్రికి పోవలెనో, రుసుము కట్టకముందే అడిగి వ్రాయించుకొనవలెను.