పొడుగు మీసాల పురుగు ఫోటో పంపే ముందు

వీడియోలో మామిడి కాండం తొలిచే పురుగును చూపించాక వాట్సాప్‌కి ఫోటోలు చాలా వచ్చాయి. "ఇది ఏ రకం, ఏ ఉపజాతి?" అని అందరిదీ ఒకటే ప్రశ్న.

మన మామిడిలో ఎక్కువగా కనిపించేది బాటోసెరా రూఫోమాక్యులాటా. బూడిద గోధుమ రంగు, రెండంగుళాల దాకా పొడవు. తల వెనక రెండు నారింజ మచ్చలు, ఆ భాగానికే రెండు పక్కలా ఒక్కో ముల్లు. రెక్కల మీద పసుపు, నారింజ చుక్కలు. దీని దగ్గరి చుట్టం బాటోసెరా రూబస్‌కి రెక్కల మీద చుక్కలు తెల్లగా ఉంటాయి.

ఇక్కడే నేను తప్పులో కాలేశాను. నూజివీడు వైపు ఒక బాబాయ్ రాత్రి సెల్ టార్చి వేసి తీసిన ఫోటో పంపాడు. చుక్కలు తెల్లగా ఉన్నాయి, రూబస్ అనేశాను. రెండు రోజులు దాని మీదే చర్చ! మూడో రోజు ఎండలో తీసి పంపితే చుక్కలు పసుపు. ఈలోగా చెట్టు మొదట్లో తడి రంపపు పొట్టు ఇంకా రాలుతూనే ఉంది. "పేరు తర్వాత చెబుదువుగానీ, నా చెట్టు సంగతి చూడు తమ్ముడూ" అన్నాడు. సిగ్గేసింది.

అందుకే ఫోటో పగటి వెలుగులో, నేరుగా పైనుంచి తీయండి. పక్కన రూపాయి బిళ్ళ పెట్టండి. ఇంకోటి పక్క నుంచి. మీసాలు పూర్తిగా పడాలి. మగదానికి మీసాలు ఒంటికంటే బాగా పొడవు, ఆడదానికి తక్కువ. అది ఆడామగా తేడానే, వేరే రకం కాదు. ఊరు, చెట్టు పేరు తప్పక రాయండి. ఒకే జాతి వేరే ప్రాంతంలో కొంత తేడాగా స్థిరపడితే దాన్ని ఉపజాతి అంటారు. కాబట్టి ఊరు తెలియని ఫోటోతో ఉపజాతి తేలదు. ఊరు తెలిసినా ఒక్క పురుగుతో తేలదు, ఒకే తోటలో కూడా చుక్కలు రకరకాలుగా ఉంటాయి.

పిల్ల పురుగైతే కాళ్ళు చూడండి. కాండంలో ఉండే దీనికి కాళ్ళుండవు. పెంటకుప్పలో చుట్టుకుని పడుకునే, కాళ్ళున్న తెల్ల పురుగు వేరు, అది కొబ్బరికి పట్టే కొమ్ము పురుగు పిల్ల కావచ్చు.

చెట్టు దగ్గర పని మాత్రం రెంటికీ ఒకటే. తాజా పొట్టు రాలుతుంటే లోపల పురుగు ఉన్నట్టే. కొన వంచిన ఇనుప తీగ రంధ్రంలోకి పోనిచ్చి పురుగును లాగేయండి. తర్వాత పేడ, బంకమట్టి కలిపి రంధ్రం మూసేయండి. వారం తర్వాత మళ్ళీ చూడండి. కొత్త పొట్టు కనిపిస్తే ఇంకోటి మిగిలిందని, మళ్ళీ తీగ పెట్టండి.