తెల్లమచ్చ వైరస్ చదువు, కొలువు

కోనసీమలో అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల రొయ్యల చెరువుల దగ్గర వైరస్ అంటే ముందుగా వినిపించే పేరు వైట్ స్పాట్. చెక్ ట్రేలో మేత మిగిలిపోతుంది. రొయ్యలు గట్టువారకు చేరతాయి. పైపెంకు ఒలిచి వెలుతురులో పెడితే తెల్లమచ్చలు కనిపిస్తాయి. ఆ తరువాత 3 నుంచి 10 రోజుల్లో చెరువు ఖాళీ కావచ్చు. 1994-95లో ఆంధ్ర తీరంలో టైగర్ రొయ్య సాగును కుదిపేసిన ఈ తెగులు ఇప్పుడు సాగులో ఉన్న వనామీ రకం రొయ్యనూ వదల్లేదు.

ఏ వైరస్‌కైనా రెండు భాగాలు తప్పనిసరి. లోపల జన్యుపదార్థం, దాని చుట్టూ క్యాప్సిడ్ అనే ప్రోటీన్ తొడుగు. జన్యుపదార్థం డీఎన్ఏ కావచ్చు, ఆర్ఎన్ఏ కావచ్చు. కొన్నిటికి తొడుగు మీద కొవ్వు పొర కూడా ఉంటుంది. వైట్ స్పాట్ వైరస్‌ది ఈ కోవే. కోలగా ఉండి, ఒక చివర తోకలాంటి పోగుతో 300 నానోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. దాని జంటపోగు డీఎన్ఏలో సుమారు 3 లక్షల బేస్ జతలుంటాయి. వైరస్‌లలో ఇది పెద్దదే. ఇందుకు భిన్నంగా, అరటిలో ఆకులన్నీ మొవ్వు దగ్గర గుత్తిగా బిగుసుకుపోయే బంచీ టాప్ తెగులు వైరస్‌కు పై పొర ఉండదు, సైజు 20 నానోమీటర్లు దాటదు. దాన్ని మొక్క నుంచి మొక్కకు మోసేది పేనుబంక.

వైరస్‌కు సొంత రైబోజోములు లేవు, జీవక్రియ లేదు. కణంలో దూరి, ఆ కణం సరంజామాతోనే తన నకళ్లు తయారు చేయించుకుంటుంది. బ్యాక్టీరియా కణకవచాన్నో రైబోజోములనో దెబ్బతీసే యాంటీబయాటిక్‌కు ఇక్కడ పట్టు దొరకదు. చెరువులో పోసిన మందు దండగ. పైగా ఎగుమతి సరుకులో దాని అవశేషం బయటపడితే కంటైనర్ వెనక్కి రావచ్చు.

మందు లేదు కాబట్టి పరీక్షే దిక్కు. ఉద్యోగాలు పుట్టేదీ అక్కడే. సీడ్ (రొయ్యపిల్లలు) వేసే ముందు, వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష చేయించాలి. హేచరీలు, ప్రైవేటు ఆక్వా ల్యాబ్‌లు, మేత కంపెనీలు ఈ పని తెలిసినవారిని తీసుకుంటాయి.

పదో తరగతి తర్వాత రెండేళ్ల ఫిషరీస్ డిప్లొమా ఉంది. బైపీసీ చదివినవారు ఈఏపీసెట్ ద్వారా నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ)లో చేరవచ్చు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. సఖినేటిపల్లి రేవు దాటితే వచ్చే నరసాపురాన్ని రాష్ట్ర మత్స్య విశ్వవిద్యాలయానికి కేంద్రంగా ఎంచుకున్నారు. పరిశోధన వైపు వెళ్లాలంటే తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో వైరాలజీ పీజీ ఉంది. 1952లో వైరస్ పరిశోధన కేంద్రంగా మొదలైన పుణె జాతీయ వైరాలజీ సంస్థలో కూడా ఎమ్మెస్సీ ఉంది.

పట్టాతో పాటు చేతి నైపుణ్యం కావాలి. రొయ్యపిల్లను పరీక్షకు తీసుకునేటప్పుడు కళ్లు తీసేయాలి, వాటిలోని పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. పెద్ద రొయ్యకైతే ఈతకాలు తుంచితే చాలు. పోలిక కోసం పెట్టిన వైరస్ లేని నమూనాలోనూ వైరస్ ఉనికిని చూపే గీత (బ్యాండ్) కనిపించిందంటే ఎక్కడో కలుషితమైనట్టే. ఆ విడత పరీక్షలన్నీ మళ్లీ చేయాల్సిందే.