ముందు అప్లై చెయ్యి, తర్వాత లెక్క తియ్యి

నీట్‌లో మార్కులు తక్కువొచ్చాయి. మెడికల్ కౌన్సెలింగ్‌కి అప్లై చెయ్యాలా, ఊరుకోవాలా? సంజామల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు బైపీసీ పిల్లలున్న ఇళ్లలో ఫలితాలొచ్చిన వారమంతా ఇదే మాట నడుస్తుంది. నా జవాబు సూటిగా చెప్తాను. అర్హత మార్కు దాటి ఉంటే అప్లై చెయ్యి, అందులో ఆలోచించడానికేమీ లేదు. ఆలోచించాల్సింది వేరే ఉంది: సీటు రాకపోతే ఇంకో ఏడాది పెట్టాలా, చేలు అమ్మి సీటు కొనాలా, విమానం ఎక్కాలా. ఈ రెండు ప్రశ్నల్నీ ఒకటిగా కలిపేస్తున్నారు. దాంతో మొదటిది సిగ్గుపడి వదిలేస్తున్నారు, రెండోది ఆవేశంలో తేల్చేస్తున్నారు.

అప్లికేషన్‌కి పొయ్యేది కొన్ని వేల రూపాయలు, సర్టిఫికెట్ల కోసం కాస్త తిరుగుడు. చెయ్యకపోతే పొయ్యేది ఆ ఏడాది అవకాశం మొత్తం. మొదటి రౌండ్‌లో పేరు లేదని ముఖం వేలాడేసుకున్న పిల్లలకు చివరి రౌండ్లలో సీటు రావడం ఏటా జరిగేదే. పై ర్యాంకులవాళ్లు ఆలిండియా కోటాలోకో, మంగళగిరి ఎయిమ్స్‌కో, జిప్‌మర్‌కో వెళ్లిపోతే కింద ఖాళీలు పడతాయి. రిజిస్టర్ చేసుకున్నవాళ్లకే ఆ ఖాళీలు దక్కుతాయి. కన్వీనర్ కోటాకు ఒక నోటిఫికేషన్, మేనేజ్‌మెంట్ కోటాకు ఇంకొకటి, ఆయుష్ కోర్సులకు మరొకటి వస్తాయి. ఒకదానికి పెట్టి అన్నింటికీ పెట్టినట్టే అనుకుని మోసపోవద్దు. విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌ను ఆ రెండు మూడు నెలలూ రోజూ తెరిచి చూడు. వాట్సాప్‌లో ఎవరో పంపుతారని కూర్చోవద్దు.

"పోయినేడు మా అన్నకు అన్ని మార్కులొస్తేనే సీటు రాలేదు, నీకేం వస్తుంది" అనే మాట ప్రతి ఇంట్లో వినబడుతుంది. ఆ పోలికే తప్పు. 2024లో మొదటి ర్యాంకువాళ్లకు 720కి 720 వచ్చాయి, జనరల్ అర్హత మార్కు 162. 2025లో పేపరు గట్టిగా ఇచ్చారు. దేశం మొత్తంలో మొదటి ర్యాంకు మార్కులే 686, అర్హత 144కి దిగింది. ఒక ఏడాది మార్కుల్ని ఇంకో ఏడాది మార్కులతో పోలిస్తే ఏమీ తేలదు. పోల్చాల్సింది ర్యాంకుని. అలాగే అర్హత వచ్చిందంటే సీటు వచ్చినట్టేనని పొంగిపోవద్దు. 2025లో 22 లక్షల మంది రాస్తే 12 లక్షల మందికి పైగా అర్హత పొందారు. ఆ ఏడాది ఎంబీబీఎస్ సీట్లు దేశం మొత్తం మీద లక్షా ఇరవై వేల చిల్లర.

ఆలిండియా ర్యాంకు చూసి బెదిరిపోకముందు ఇంకో సంగతి తెలుసుకో. మన రాష్ట్రంలో సీట్ల పంపకానికి రెండు లోకల్ ప్రాంతాలున్నాయి, ఆంధ్రా యూనివర్సిటీ ఒకటి, శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ ఒకటి. రాయలసీమ, నెల్లూరు ఎస్వీయూ కిందికొస్తాయి. రాష్ట్ర కోటా సీట్లలో నూటికి 85 లోకల్ వాళ్లకే. కాబట్టి గుంటూరు పిల్లవాడి ర్యాంకు నీకు కొలబద్ద కాదు. గత ఏడాది ఎస్వీయూ ప్రాంతంలో, నీ కేటగిరీలో, చివరి రౌండ్‌లో సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో అలాట్‌మెంట్ జాబితాల్లో వెతుకు. నీ ర్యాంకు దానికి ఎంత దూరంలో ఉందో ఒక కాగితం మీద రాసుకో. సీటు రాకపోతే ఏం చెయ్యాలన్నది ఆ దూరాన్ని బట్టే.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ప్రభుత్వ మెడికల్ కాలేజీ అంటే కర్నూలో, కడపో, అనంతపురమో. 2023లో నంద్యాలలోనే 150 సీట్లతో ప్రభుత్వ కాలేజీ మొదలైంది. 2016లో వచ్చిన నంద్యాల–ఎర్రగుంట్ల లైను పుణ్యమా అని సంజామలలో రైలెక్కితే నేరుగా ఆ ఊళ్లో దిగొచ్చు. సంతోషించాల్సిన సంగతే. కానీ ప్రభుత్వ కాలేజీ అన్న పేరు చూసి అన్ని సీట్లూ ఒకే ఫీజనుకోవద్దు. 2023లో ఈ కొత్త కాలేజీలు మొదలైనప్పుడు ఆలిండియా కోటా పోగా మిగిలిన సీట్లలో సగమే మామూలు ఫీజుకు ఉంచారు. నూటికి 35 సీట్లకు ఏడాదికి 12 లక్షలు, 15 ఎన్నారై సీట్లకు 20 లక్షలు పెట్టారు. ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరుతో పాటు ఆ సీటు ఏ కోటాదో, ఈ ఏడాది ఫీజు ఎంతో చూసి క్లిక్ చెయ్యి.

ఇక అసలు ప్రశ్నకొద్దాం. సీటు రాలేదు, ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పోవాలా వద్దా?

నల్లరేగడిలో వేసిన శనగ దెబ్బతింటే రైతు మళ్లీ అదే విత్తనం అలాగే చల్లడు. తడి చాల్లేదా, విత్తనం పుచ్చిందా, పురుగు తిన్నదా అని చూస్తాడు. మార్కుల దగ్గరికొచ్చేసరికి మాత్రం మనం ఆ పని చెయ్యం. "ఈసారి బాగా చదువుతా నాయనా" అన్న ఒక్క మాట మీద ఏడాదీ, లక్షల ఫీజూ పెట్టేస్తాం.

ఓఎంఆర్ కాపీ, ఆన్సర్ కీ డౌన్‌లోడ్ చేసుకో. ఒక పూట తలుపేసుకుని కూర్చో. ఉదాహరణకు ఒక అమ్మాయికి 346 వచ్చాయనుకుందాం. బయాలజీ 90 ప్రశ్నల్లో 68 ఒప్పు, 16 తప్పు, అంటే 256 మార్కులు. కెమిస్ట్రీ 45లో 20 ఒప్పు, 15 తప్పు, 65 మార్కులు. ఫిజిక్స్ 45లో 12 ఒప్పు, 23 తప్పు, చేతికొచ్చింది 25. ఈ అమ్మాయికి "మార్కులు తక్కువ" అంటే సరిపోదు. బయాలజీ బాగానే ఉంది, ఫిజిక్స్‌లో గొయ్యి ఉంది. ఇప్పుడు ఆ 23 తప్పుల్నీ ఒక్కోటి పట్టుకుని చూడాలి. తొమ్మిది అసలు చదవని చాప్టర్లవి. ఆరు గుడ్డిగా దిద్దినవి. మిగిలిన ఎనిమిది సూత్రం తెలిసీ లెక్క దగ్గర జారినవి. ఆ ఎనిమిదీ సరిచేసుకుంటే ఒక్కో ప్రశ్నకు పోయిన ఒక మార్కు తిరిగొస్తుంది, రావాల్సిన నాలుగూ వస్తాయి. అంటే 40 మార్కులు, కొత్త చాప్టరు ఒక్కటి కూడా ముట్టకుండా. ఇలాంటి లెక్క తేలిన పిల్లకు ఒక ఏడాది ఇవ్వమని నాయనకు నేను ధైర్యంగా చెప్తాను.

ఫిజిక్స్ గొయ్యి మన పల్లెల బైపీసీ పిల్లల్లో ఎందుకంత మామూలో కూడా చెప్పుకోవాలి. పదో తరగతి అయిపోగానే లెక్కల పుస్తకం మూసేస్తారు. తర్వాత రెండేళ్లూ ఫిజిక్స్‌లో ట్రిగొనోమెట్రీ, వెక్టర్లు, లాగరిథమ్‌లు, కాస్త కాలిక్యులస్ అడుగడుగునా తగుల్తుంటే, ఫిజిక్స్ రాదనుకుంటారు. రానిది లెక్కలు. కోచింగ్‌లో చేరే ముందు ఒక నెల ఎంపీసీ చదివే అన్న దగ్గరో అక్క దగ్గరో కూర్చుని ఆ లెక్కలు నేర్చుకో. చాలా కోచింగ్ సెంటర్లలో అవి వచ్చునన్నట్టే పాఠం మొదలుపెడతారు, వెనకబెంచీలో నువ్వు మళ్లీ అక్కడే ఆగిపోతావు. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇంకో మాట. నీట్ పేపరు తెలుగులో కూడా ఇస్తారు, ఇంగ్లీషు పక్కనే ఉంటుంది. కాకపోతే అప్లికేషన్‌లోనే తెలుగు అని ఎంచుకోవాలి.

ఆ అమ్మాయి లెక్కను తిరగేసి చూడు. బయాలజీలోనే సగం మార్కులు రాలేదు, చదువుతుంటే విసుగొస్తోంది, కానీ డాక్టరైతే ఊళ్లో గౌరవం అని మనసు లాగుతోంది. ఇలాంటివాళ్లకు లాంగ్ టర్మ్ వద్దంటాను. ఎంబీబీఎస్‌లో ఫిజిక్స్ లెక్కలు పెద్దగా ఉండవు. ఉండేదంతా శరీరం, దాని రోగాలు, మందులు, ఐదున్నరేళ్ల పాటు. ఆ చదువు ఇప్పుడే రుచించకపోతే అక్కడికెళ్లాక ఒక్కసారిగా రుచించదు.

నీట్‌కి ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు, గరిష్ఠ వయసు లేదు. రూలు నిన్ను ఆపదు కాబట్టి గీత నువ్వే గీసుకోవాలి. మొదటి లాంగ్ టర్మ్ ఏడాదికి నేను అడ్డు చెప్పను, ఓఎంఆర్ లెక్క తేలితే చాలు. రెండో లాంగ్ టర్మ్‌కి మాత్రం ర్యాంకు గట్టిగా దూకి ఉండాలి, సీటు ఆగిన ర్యాంకుకు దగ్గరకొచ్చి ఆగి ఉండాలి. నాలుగు లక్షల ర్యాంకు మూడున్నర లక్షలైందని ఇంకో ఏడాది పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఇరవై రెండేళ్లొచ్చేసరికి వాళ్ల చేతిలో ఇంటర్ సర్టిఫికెట్ ఒక్కటే మిగులుతోంది.

ఇలాంటప్పుడు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పి, మార్కులదేముంది అని ఓదార్చేవాళ్లుంటారు. ఆయన కథ పూర్తిగా చెప్పుకుంటే ఇంకా పనికొస్తుంది. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు వేసుకొచ్చారని సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ ఆగ్రహించారు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్. ఆయన అక్కడే పంతం పట్టి కూర్చోలేదు. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠం చెప్పారు, 1922లో హార్వర్డ్ చేరి పరిశోధనలోకి వెళ్లారు. ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకి ఇప్పటికీ ఇచ్చే మందు, వీటి వెనక ఆయన కృషి ఉంది. మెట్రిక్ మూడోసారి రాసిన మనిషే ఎంబీబీఎస్ పట్టా రానప్పుడు ఉన్న కాగితంతో ముందుకు నడిచాడు. ఎక్కడ మళ్లీ రాయాలో, ఎక్కడ పక్కదారి పట్టాలో ఆయనకు తెలిసింది.

విదేశీ ఎంబీబీఎస్ గురించి. ఫిలిప్పీన్స్, జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్ పేర్లతో కన్సల్టెన్సీలవాళ్లు ఫలితాల మర్నాటి నుంచే ఫోన్లు చేస్తారు. అక్కడికి పోవాలన్నా నీట్ అర్హత తప్పనిసరి. 2021 నవంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలుండాలి, ఇంగ్లీషులో చెప్పాలి, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ అనే పరీక్షలో 300కి 150 తెచ్చుకోవాలి, ఆపైన ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ పరీక్షలో ఎక్కువ సెషన్లలో నూటికి 30 మంది కూడా గట్టెక్కడం లేదు. ఫీజు గురించి వంద ప్రశ్నలడిగే నాయనలు ఈ ఒక్కటీ అడగరు: "మీ కాలేజీ నుంచి వచ్చినవాళ్లలో ఎంతమంది పాసయ్యారు?" అడగండి. పాసైన ఇద్దరు డాక్టర్ల దగ్గరకు మీరే వెళ్లి మాట్లాడండి. ఫిజిక్స్‌లో జారి బయాలజీలో నిలిచిన పిల్లలకు, అప్పు లేకుండా పంపగలిగే ఇళ్లకు ఇది ఆలోచించదగ్గ దారే. చేను తాకట్టు పెట్టి పంపే ఇళ్లకు నేను వద్దనే చెప్తాను.

దగ్గర్లో ఉన్న వేరే తలుపుల్ని ఓడిపోయినవాళ్ల దారులుగా చూడొద్దు. మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది. బీఎస్సీ అగ్రికల్చర్ సీటు ఈఏపీసెట్‌లో వస్తుంది, రైతు బిడ్డలకు ప్రత్యేక కోటా ఉంది. నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం నూరేళ్లకు పైగా పనిచేస్తోంది, ఆ చదువుకు ఇక్కడ విలువ ఎంతో ఊళ్లో ఏ రైతునడిగినా చెప్తాడు. బీఎస్సీ నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్, అనస్తీషియా కోర్సులున్నాయి. రోగి పక్కన నిలబడాలన్నదే నీ కోరికైతే నర్సు నిలబడినంతసేపు డాక్టరు కూడా నిలబడడు. నీట్‌తో పాటు ఈఏపీసెట్ తప్పకుండా రాయి, ర్యాంకు చేతిలో ఉంటే జూన్‌లో నిద్ర పడుతుంది.

నాయనలకు ఒక మాట. ఫలితాలొచ్చిన వారం "పక్కింటి పిల్ల చూడు" అనకండి. పిల్లాడు అన్నం మానేసినా, మాట మానేసినా, రాత్రుళ్లు మేలుకుంటున్నా తేలిగ్గా తీసుకోకండి. 14416 టెలీ మానస్ నంబరు, ప్రభుత్వానిదే, ఎప్పుడైనా ఉచితంగా మాట్లాడొచ్చు, తెలుగులోనే. ఇంకో ఏడాది పెట్టే సంగతి తేల్చేది ఓఎంఆర్ దగ్గర పెట్టుకుని, ఇద్దరూ నిదానంగా ఉన్న రోజున.

ఇక నీ పని. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే పోగుచెయ్యి, ఎస్వీయూ లోకల్ అని తేల్చేవి అవే. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలో ఎన్ని మార్కులు కావాలో నోటిఫికేషన్‌లో చూసి, మార్కుల మెమో తీసి సరిచూసుకో. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ సచివాలయంలో అడుగు. ఈడబ్ల్యూఎస్ అయితే ఏ ఏడాదిది ఆ ఏడాదే తీసుకోవాలి. బీసీ అయితే ఆలిండియా కోటా కోసం సెంట్రల్ ఫార్మాట్ ఓబీసీ సర్టిఫికెట్ వేరుగా అడుగు, రాష్ట్రం ఇచ్చేది దానికి పనికిరాదు. ఫలితాలొచ్చాక వెళ్తే క్యూలో అందరూ ఉంటారు, ముందే వెళ్లు.